తల వెనక చెయ్యి

నా పెళ్లికి నేను ఒప్పుకోలేదు. మా మేనత్త ఒప్పుకుంది.

ఈ మాట చెబితే కొందరు అయ్యో పాపం అంటారు, నన్నెవరో కాళ్ళూ చేతులూ కట్టి పెళ్లి చేశారనుకుని. అంత లేదు. మా ఆయన మంచివాడు. ఇన్నేళ్ళుగా నా పుస్తకాల మూటలు బస్సుల్లోకి ఎక్కిస్తూ దించుతూనే ఉన్నాడు. జరిగింది ఇంతే. డోన్ దగ్గర మా ఊళ్లో, మా ఇంటి నడిమింట్లో, ఎర్ర ముసుగు కప్పి నన్ను కూర్చోబెట్టారు. నిఖాకు ముందు పెళ్లికూతురి మాట తీసుకోవడానికి ఆమె తరఫున ఒక పెద్దమనిషి లోపలికి వస్తాడు, ఆయన్ను వకీలు అంటారు. ఆయన వెంట ఇద్దరు సాక్షులు. ఆ ముగ్గురూ వచ్చి ఉర్దూలో ఏదో అడిగారు. మాకు ఇంట్లో ఉర్దూ లేదు. మేము దూదేకులవాళ్ళం. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టినవాడు. ఆయన నవ్వినా, తిట్టినా, ఏడ్చినా తెలుగులోనే. ఆ అడిగిందేమిటో అర్థం కాక నేను బిక్కచచ్చి కూర్చుంటే, వెనక ఉన్న మా మేనత్త నా తల వెనక చెయ్యి పెట్టి ముందుకు వంచింది. "ఊపింది, ఊపింది" అన్నారు ఆడవాళ్ళు. బయట ఖర్జూరాలు పంచేశారు.

మా మేనత్తను తప్పు పట్టడానికి లేదు. పెళ్లికూతురు నోరు తెరిచి ఔనంటే సిగ్గులేనిది అంటారు. అందుకని ఎవరో ఒక పెద్దామె వెనక కూర్చోవడం, పిల్ల బిగుసుకుపోతే తల వంచడం మా దగ్గర వాడుక. మా అమ్మ తలా అట్లాగే వంచారు, మా చెల్లెలి తలా అట్లాగే వంచారు. దాన్ని ఎవరూ బలవంతం అనుకోరు, సాయం అనుకుంటారు.

ఆ చెయ్యి సంగతి చాలా ఏళ్ళు మరిచిపోయాను. సంసారం, కొడుకు, ఉద్యోగం, రాత. నేను తెలుగు పండితురాలిని. కర్నూలులో నా మొదటి బడికి ఆర్డరు కాగితం పట్టుకుని పోతే హెడ్మాస్టరుగారు కాగితంలో నా పేరు చూసి, నన్ను చూసి, "ఉర్దూ బడి పక్క వీధిలో ఉండాదమ్మా" అని చెయ్యి చాపి దారి చూపించారు. "తెలుగు పోస్టుకు వచ్చినాను సార్" అంటే "తెలుగా?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. తరువాత ఆయన కూతురి పెళ్లికి శుభలేఖ నాచేతే రాయించుకున్నారు. కానీ ఆ "తెలుగా?" మాత్రం నా వెంట తిరుగుతూనే ఉంది. సభల్లో శాలువా కప్పి, "ముస్లిం అయి ఉండి కూడా ఇంత చక్కటి తెలుగు" అంటారు. అది విన్నప్పుడల్లా శాలువా మడిచి వాళ్ళ చేతికే ఇవ్వాలనిపిస్తుంది. రెండుసార్లు ఇచ్చాను కూడా. ఇటుపక్క మా వీధిలోనేమో, "ఉర్దూ రాదు, పైగా తెలుగులో రాసి మన ఇంటి గుట్టంతా ఊరికి చెబుతోంది" అంటారు. రెంటికీ చెడ్డ రేవడినని నన్నెవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకు రెండూ ఉన్నాయి. నమాజు నాదే, వేమన పద్యాల మీద పరీక్ష పేపరు దిద్దే ఎర్ర పెన్నూ నాదే.

నలభై దాటాక హజ్‌కు పోదామని మా ఆయన అన్నాడు. పాస్‌పోర్టుకు పెళ్లి కాగితం కావాల్సి వచ్చి ట్రంకు పెట్టె దించాం. అప్పుడు నా నిఖానామాను మొదటిసారి సరిగ్గా చూశాను. పేజీ నిండా ఉర్దూ. అడుగున ఒక మూల తెలుగులో నా సంతకం, తొమ్మిదో తరగతి పిల్ల రాసినట్టు గుండ్రంగా. "ఇందులో ఏం రాసుంది?" అని మా ఆయన్ను అడిగితే, "నాకేం తెలుసు, నేనూ నీ మాదిరే సంతకం పెట్టినా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు మాత్రం ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అక్షరం అక్షరం వెతికి పిల్లల తప్పులు దిద్దే మనిషిని, నా జీవితం మీద నేనే చదవకుండా సంతకం పెట్టానా అని సిగ్గేసింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను. ఇంకొకరిచేత చదివించుకోవచ్చు కదా అని మా ఆయన అన్నా వినకుండా, మా వీధి చివర ఉన్న రిటైరైన ఉర్దూ టీచరమ్మ దగ్గర పలక పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రాలు ఆమె చెట్నీకి కొత్తిమీర తుంచుతూ నాకు అలిఫ్, బే దిద్దించేది. కొన్ని నెలలకు నా నిఖానామా నేనే చదువుకున్నాను. పేర్లు, ఊళ్ళు, పెళ్లికొడుకు ఇవ్వాల్సిన మెహర్ సొమ్ము, సాక్షులు. ఆ తరువాత ఒక గడి. ఆ గడికి అడ్డంగా స్కేలు పెట్టి కొట్టిన గీత.

"ఇదేంది ఆపా?" అని అడిగాను.

"షరతుల గడి" అంది ఆమె. "పెళ్లికూతురు ఏమైనా కోరితే, మొగుడు ఒప్పుకుంటే, దీంట్లో రాస్తారు. ఎవరూ రాయించరు కదా, అందుకే గీత కొట్టేస్తారు."

"ఎవరూ అడగరా?"

"గడి ఉండాదని తెలిస్తే కదమ్మా అడిగేది."

ఆ సాయంత్రం నాకు వచ్చినంత కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు. నాకు మాట్లాడడానికి మతం ఒక గడి ఇచ్చింది. అందులో ఏం రాసుకుంటావని నన్ను ఒక్కరూ అడగలేదు. అడక్కుండానే గీత కొట్టి, ఆ గీత కింద నాచేత సంతకం పెట్టించారు. ఆ కోపంలోనే ఒక వ్యాసం రాసి పత్రికకు పంపాను. అచ్చయ్యాక ఫోన్లే ఫోన్లు. మతాన్ని బజారుకు ఈడ్చావని కొందరు తిట్టారు. మీ మతంలో ఆడవాళ్ళ గతి ఇంతేనని ఇంకొందరు జాలిపడ్డారు. తిట్టినవాళ్ళకంటే జాలిపడినవాళ్ళ మీదే నాకు ఎక్కువ మండింది. గడి ఉంది మహాప్రభో, గడి మాకు ఎప్పటినుంచో ఉంది, గీత కొట్టింది మనుషులు అని చెబితే వాళ్ళకు వినబడేది కాదు.

అప్పటి నుంచి నేను పోయిన సభలోనల్లా ఒకటే పాట. నిఖాకు ముందు నిఖానామాను పిల్లకు తెలుగులో చదివి వినిపించండి, గడి చూపించి అడగండి. ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి పోయాను. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ తరువాత వాళ్ళ ఇంట్లో పెళ్లికి నన్నే పిలిచి, మంచి చోటు చూసి కూర్చోబెట్టి, నా కళ్ళ ముందే పిల్ల తల వంచేవాళ్ళు. "చెప్పేదానికి బాగుంటాది టీచరమ్మా" అని నవ్వేవాళ్ళు. ఒక్క పెళ్లిలో కూడా ఆ కాగితం తెలుగులో వినబడలేదు.

ఆ పరిస్థితిలో, మొన్నమొన్నటి సంగతి, కడప నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల కడపలో ఒక ఆస్పత్రిలో నర్సు. వాళ్ళ నాయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పని చేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. అప్పటి నుంచి ఆ ఇంటిని నిలబెట్టింది మా చెల్లెలు, తరువాత ఈ పిల్ల. వేంపల్లెలో విత్తనాల అంగడి ఉన్నవాళ్ళ అబ్బాయితో సంబంధం కుదిరిందని, నెల రోజుల్లో పెళ్లి అని నాకు అప్పటికే తెలుసు.

"పెద్దమ్మా, నీ గడి నాకు కావాల" అంది.

"ఏం రాయించుకుంటావు?"

"పెళ్లయినాక కూడా నేను నర్సు పని చేస్తాను, నైట్ డ్యూటీ వేసినా పోతాను, మానుకోమని ఎవరూ అడగకూడదు. అంతే. ఇంగోటి, కాగితమంతా నాకు తెలుగులో చదివి వినిపించాల. మా ఆస్పత్రిలో అపెండిక్స్ తీసేదానికే కాగితం చదివి వినిపించి సంతకం పెట్టించుకుంటాం పెద్దమ్మా. నన్నే ఇచ్చేసేదానికి వినిపించరా?"

నేను ఇన్నేళ్ళు అన్ని ఊళ్ళలో గొంతు చించుకుని చెప్పినదాన్ని ఆ పిల్ల రెండు ముక్కల్లో తేల్చేసింది. సంతోషంతో నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబ్బాయి ఏమన్నాడని అడిగితే, "ఆయనకు ఇష్టమే. వాళ్ళ నాయనకు చెప్పేదానికి భయం" అంది.

అరగంటకల్లా మా చెల్లెలి ఫోను. అది చిన్నప్పటి నుంచి నాతో గొంతు పెంచి మాట్లాడింది లేదు. ఆ రోజు మాట్లాడింది.

"అక్కా, నీ రాతలు నీ పుస్తకాల్లో పెట్టుకో. నా బిడ్డ పెళ్లి నీ మీటింగు కాదు. మొగదిక్కు లేని ఇల్లు నాది. ఈ సంబంధం చెడిపోతే రేపు పొద్దున నీకేం, కర్నూల్లో తలుపేసుకోని ఇంగో వ్యాసం రాసుకుంటావు. ఈడ నలుగురి నోట్లో పడేది నేను, నా బిడ్డ."

నా దగ్గర జవాబు ఉంది. సభల్లో అయితే చెప్పేదాన్ని. చెల్లెలికి చెప్పలేకపోయాను. "నువ్వు ఒప్పుకోకుండా నేను అడుగు ముందుకు వెయ్యను. ముందు కాగితం తెలుగులో రాసుకోనొస్తా, అందరూ వినండి. తరువాత చూద్దాం" అన్నాను.

వారం రోజులు కూర్చుని రాశాను. నా జీవితంలో ఏ కథా నాకు అంత చెమట పట్టించలేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా బస్సు పోతుంటే ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదువుకుని మురిసిపోయాను. కడపలో చెల్లెలి ఇంట్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టాను. మా అమ్మ, చెల్లెలు, పెళ్లికూతురు, పక్కిళ్ళవాళ్ళు నలుగురైదుగురు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "వధువు యొక్క స్వేచ్ఛాపూర్వకమైన సమ్మతిని సాక్షుల సమక్షమున స్వీకరించి, ఉభయ పక్షముల వారును అంగీకరించిన నియమములకు లోబడి..."

రెండు పేజీలు చదివాను. ఆపి చూస్తే ఎవరూ ఉలకరు పలకరు. పక్కింటామె ఆవలింత మింగుతోంది. చివరికి మా అమ్మ అంది, "ఏం జెప్తాండావో నాకొక్క ముక్క తెలిస్తే ఒట్టు. ఖాజీసాబు చదివినట్టే ఉండాది."

అందరూ పడీ పడీ నవ్వారు. పెళ్లికూతురు కూడా. నాకు తల కొట్టేసినట్టయింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని పెరట్లోకి పోయి నిలబడ్డాను.

నిజం చెప్పాలంటే అది నేను వీళ్ళకోసం రాసింది కాదు. "తెలుగా?" అన్న హెడ్మాస్టరుకోసం రాశాను. "అయి ఉండి కూడా" అన్న శాలువాలవాళ్ళకోసం రాశాను. మీ అందరికంటే నాకు ఎక్కువ వచ్చు చూడండి అని ఇన్నేళ్ళుగా రుజువు చేసుకుంటూ చేసుకుంటూ, మా తాత మాట్లాడిన తెలుగు నా చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది. ఉర్దూ అర్థం కాని పిల్ల ముందు ఇంకో అర్థం కాని భాష తెచ్చి పెట్టి, ఇది నీ భాషే అన్నాను. ఇంతకంటే పెద్ద తప్పు నా రాతలో నేను చేయలేదు.

లోపలికి వచ్చి చాప మీద కూర్చుని, "సరే, మీరే చెప్పండి, నేను రాస్తా" అన్నాను.

సాయంత్రం దాకా సాగింది. నిఖా, మెహర్, వకీలు అనే మాటలు అట్లాగే ఉంచేశాం, అవి అందరికీ తెలిసినవే. మిగతాది మా ఇళ్ళలో మాట్లాడుకున్నట్టే రాశాం. "అమ్మా, ఫలానా వాళ్ళ అబ్బాయి నిన్ను నిఖా చేసుకుంటానంటాండాడు. నీకు ఇష్టమేనా? ఇష్టం లేకుంటే లేదని చెప్పు. నిన్ను ఎవరూ ఏమీ అనరు." ఇక్కడికి వచ్చేసరికి మా అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరూ ఏమీ అనరని రాసినావే. అంటారు కదా? నిఖా కాడ అబద్ధం రాయాకు."

"మరి ఏం రాయాల్నమ్మా?"

"ఎవరన్నా ఏమన్నా అంటే మేముండాము, అని రాయి" అంది.

అట్లాగే రాశాను. ఆ రోజు అందరికంటే మంచి వాక్యం రాసింది బడి మొహం చూడని మా అమ్మే. ఆ వాక్యం విన్నాక మా చెల్లెలు లేచి లోపలికి పోయింది. టీ గ్లాసులతో తిరిగొచ్చి, నాకు ఇస్తూ, మొహం చూడకుండా, "వేంపల్లెకు ఎప్పుడు పోదాం?" అని అడిగింది.

ముందు ఖాజీగారి దగ్గరికి పోయాం. తెల్ల గడ్డం, మెత్తటి మనిషి. పెద్ద యుద్ధానికి సిద్ధపడి పోయిన నన్ను ఆయన ఒక్క మాటతో చల్లార్చేశారు. "చదివి వినిపించేదానికి దీన్‌లో, మన మతంలో, అడ్డమేముంది టీచరమ్మా? పిల్లకు అర్థం కావాల, అదే ముఖ్యం. ఇన్నేండ్లలో నన్ను ఎవరూ అడగలేదు" అన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మేమూ అడగకుండానే ఇన్ని తరాలు గడిపాం. "షరతు కూడా రాస్తా. అయితే అబ్బాయి ఒప్పుకోవాల" అన్నారు.

వేంపల్లెలో అంత సులువు కాలేదు. అబ్బాయి తండ్రి అంగట్లోనే మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగానే సోడాలు తెప్పించాడు. తెలుగులో చదవడానికి ఏమీ అనలేదు. గడి దగ్గరే మొరాయించాడు.

"మా నోటిమాట మీద నమ్మకం లేకుంటే సంబంధమెందుకమ్మా? కోడలు ఇంట్లోకి రాకముందే కాగితం రాయించుకోని వొస్తాదా? నలుగురూ ఏమనుకుంటారు?"

"మీ అంగట్లో విత్తనాలు అమ్మితే బిల్లు ఇస్తారు కదన్నా?" అన్నాను. "రైతుకు మీ మీద నమ్మకం లేకనే ఇస్తారా?"

"రైతు అడుగుతాడు, ఇస్తాం."

"మా పిల్లా అడుగుతాంది."

ఆయనకు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. మీసం దువ్వుకుని, "చదివేది చదవండి. రాసేది పెండ్లినాడు చూద్దాంలే" అన్నాడు. నేను గెలిచినట్టే కడపకు తిరిగొచ్చి పెళ్లికూతురికి చెప్పాను. ఆ పిల్ల మాత్రం పెదవి విరిచింది.

"చూద్దాంలే అంటే లేదని పెద్దమ్మా. ఆస్పత్రిలో మేమూ అట్లే చెప్తాం."

పెళ్లి కడప షాదీఖానాలో. వేంపల్లె నుంచి రెండు బస్సుల్లో వచ్చారు పెళ్లివారు. మగవాళ్ళు హాల్లో, మేము లోపలి గదిలో. ఎండకు రేకులు పెటపెటమంటున్నాయి. బిరియానీ దేగిసా మూత తీసిన వాసన గదిలోకి కూడా వస్తోంది. పెళ్లికూతురు ముసుగులో నుంచే నాతో మెల్లగా చెప్పింది, "గడిలో గీత ఉన్నా, గడి ఖాళీగా ఉన్నా నేను నోరు తెరవను. నువ్వు మాత్రం నా పక్కనే ఉండు." నేను ఆ పిల్ల వెనకే కూర్చున్నాను. మా మేనత్త నా వెనక కూర్చున్న చోటే అది. అప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

వకీలుగా మా తమ్ముడు వచ్చాడు, చేతిలో ఖాజీగారి రిజిస్టరు, దాని పైన మేము రాసిన తెలుగు కాగితం. వెనక ఇద్దరు సాక్షులు. తమ్ముడు చదవడం మొదలుపెట్టగానే గదిలో గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. పెళ్లివారి ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని ముందుకు జరిగారు. ఒక ముసలామె, "తెలుగే! తెలుగులో చదువుతాండాడు!" అని పక్కామె మోకాలు చరిచింది. "ఇష్టం లేకుంటే లేదని చెప్పు. ఎవరన్నా ఏమన్నా అంటే మేముండాము" అని వినిపించినప్పుడు మా అమ్మ తలెత్తి చుట్టూ చూసింది. గర్వంతో నాకు గుండె నిండిపోయింది. ఇన్నేళ్ళుగా నేను అడుగుతున్నది నా కళ్ళ ముందే, నా తమ్ముడి గొంతులో జరుగుతోంది.

షరతుల దగ్గరికి వచ్చి తమ్ముడు తడబడ్డాడు.

"గడి ఖాళీగా ఉండాదమ్మా. గీత కొట్టలేదులే. నిఖా అయినాక రాపిస్తామని అబ్బాయి వాళ్ళ నాయన చెప్పినాడు. నువ్వు ఊఁ అను."

పిల్ల పలకలేదు.

తమ్ముడు రెండోసారి అడిగాడు. పలకలేదు. బయట ఎవరో, "ఇంకా కాలేదా?" అని కేకేశారు. గుమ్మం దగ్గర ఒకామె వెనక్కి తిరిగి, "పిల్లకు ఇష్టం లేనట్టుండాది" అంది. ఆ మాట హాల్లోకి పోవడానికి ఎంతసేపు? పెళ్లివారు లేస్తారు. బస్సులు కదులుతాయి. ఇది ఆ రాసే ఆమె చేయించిన పని అంటారు, అది నేను పడతాను. కానీ మా చెల్లెలు ఏమైపోతుంది? గీత లేదు కదా, తరువాత రాయిస్తామంటున్నారు కదా, ఊఁ అంటే ఏం పోయింది అనిపించింది.

అంతే అనిపించింది. చెయ్యి ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. చూసుకునేసరికి నా అరచెయ్యి పిల్ల తల వెనక ఉంది. ముసుగు కింద మల్లెపూల చల్లదనం నా వేళ్ళకు తగిలింది.

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. గొంతు కూడా పెంచలేదు.

"పెద్దమ్మా, చెయ్యి."

నిప్పు తగిలినట్టు తీసేశాను. ఎవరూ గమనించలేదు, మా చెల్లెలు తప్ప. అది గోడకు ఆనుకుని ఏడుస్తూ ఉంది. నా చెయ్యి చూసింది, నా మొహం చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుని ముందుకు వచ్చింది. పెళ్లి నీ మీటింగు కాదని నన్ను కసిరిన మా చెల్లెలు, ఎప్పుడూ మగవాళ్ళ ముందు గొంతెత్తని మనిషి, తమ్ముడితో అంది.

"రెండుసార్లు అడిగినావు కదా, నా బిడ్డ పలకలేదు. ఆ గడి నిండితేనే పలుకుతాది. పోయి రాపించుకోని రా. మేము ఈడనే ఉండాం, యాడికీ పోం."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను తలొంచుకున్నాను. వాళ్ళు ముగ్గురూ బయటికి పోయారు. గదిలో పెళ్లివారి ఆడవాళ్ళు గుసగుసలు. నేను నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద నా బరువంతా వేసి కూర్చున్నాను. ఇన్ని సభల్లో ఏ చేతిని తిట్టానో ఆ చెయ్యి నాదేనని నాకు అర్థమైంది. మా మేనత్తకు కూడా ఆ రోజు ఇంతే భయం వేసి ఉంటుంది. నా మీద ప్రేమ లేక కాదు, బయట లేచిపోయే జనానికి భయపడి నా తల వంచింది. ఇన్నేళ్ళకు ఆమె మీద కోపం పోయింది, నా మీద వచ్చింది.

ఎంతసేపయిందో తెలియదు. తమ్ముడు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. హాల్లో జరిగింది తరువాత చెప్పాడు. తండ్రి ఇంకా నసుగుతుంటే, మొహానికి కట్టిన పూల సెహరా వెనక నుంచి పెళ్లికొడుకే, "రాయండి హజ్రత్, నేను ఒప్పుకుంటాండా" అన్నాడట. అంతమందిలో కొడుకు నోరు తెరిచాక తండ్రి ఇంకేమీ అనలేదట. ఖాజీగారు అక్కడికక్కడే రాసి, అబ్బాయిచేత పక్కన సంతకం పెట్టించారు.

తమ్ముడు రిజిస్టరు పిల్ల ముందు పెట్టాడు. గడిలో ఉర్దూలో రాసిన రెండు వరుసలూ చూసి, ఆ పిల్ల రిజిస్టరును నా ముందుకు జరిపింది. "చదువు పెద్దమ్మా. నువ్వు నేర్చుకునింది దీనికే కదా" అంది. నా చెయ్యి సంగతి అప్పుడే మరిచిపోయిందో, మరిచిపోయినట్టు ఉందో. నేను వంగి, చేతులు తొడల కింద నుంచి తియ్యకుండానే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి తెలుగులో చెప్పాను. నర్సు పని చేస్తుంది. రాత్రి డ్యూటీ ఉంటే పోతుంది. మానుకోమని ఎవరూ అడగకూడదు.

తమ్ముడు మూడోసారి అడిగాడు.

"నాకు ఇష్టమే. ఒప్పుకుంటాండా" అంది పిల్ల. గుమ్మం అవతలికి కూడా వినబడేంత గట్టిగా అంది. ముసుగు కదల్లేదు, తల వంగలేదు.

బయట ఖాజీగారు ఖుత్బా చదివి, అబ్బాయిచేత ఖుబూల్ అనిపించారు. మా గదిలో అందరూ దువాకు చేతులెత్తారు. నా చేతులు తిమ్మిరెక్కిపోయి ఉన్నాయి. నేను అందరికంటే కొంచెం ఆలస్యంగా ఎత్తాను.